ఒకే ఇంట్లో రెండు సిమ్యులేషన్లు

తోడికోడళ్ళు దేని గురించి కుళ్ళుకుంటారో అందరికీ తెలిసిందే. చీరలు, నగలు, ఎవరి పుట్టింటివాళ్ళు ఏం పెట్టారు, ఎవరి వంటని మావగారు మెచ్చుకున్నారు. మా ఇంట్లో ఆ కుళ్ళు హీలియం దగ్గర పుట్టింది. ఇది చెబితే బంధువులు నమ్మరు, కాలేజీలో వాళ్ళు నవ్వుతారు. రాజమండ్రిలో, గోదావరి గట్టుకి రెండు వీధుల ఇవతల, ఒక మామూలు డాబా ఇంట్లో, నేను నా తోడికోడలి మీద కుళ్ళుకున్నాను. ఇప్పటికీ కుళ్ళుకుంటూనే ఉన్నాను. కారణం ఫ్యూజన్ రియాక్టర్ అడుగున తిరిగే పల్చటి వాయువు.

ముందు నా సంగతి చెప్పాలి. మాది మండపేట దగ్గర పల్లె. నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ పాఠాలు చెబుతాను. ఎంటెక్ చదివేటప్పుడు మా ఊరి రైస్‌మిల్లులో ఊక లాగే గొట్టాల్లో గాలి ఎలా పోతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టి, మిల్లు యజమాని చేత భేష్ అనిపించుకున్నాను. దాంతో గాలి గురించి నాకు తెలియనిది లేదనుకున్నాను. కాకినాడలో ఉండే మా గైడుగారు ఆ పొగరు చూసే కాబోలు, పీహెచ్‌డీకి ఈ పని ఇచ్చారు.

పనేమిటో చెబుతాను, అర్థం కానంత కష్టమేమీ కాదు. సూర్యుడిలో జరిగేదాన్ని భూమ్మీద ఒక పెద్ద ఉక్కు పాత్రలో జరిపించాలని లోకమంతా తంటాలు పడుతోంది. బరువు రకం హైడ్రోజన్‌ని కోట్ల డిగ్రీల దాకా వేడి చేస్తే అది కలిసిపోయి హీలియం అవుతుంది, బోలెడంత శక్తి పుడుతుంది. ఆ హీలియం పొయ్యిలో బూడిద లాంటిది. ఎప్పటికప్పుడు తీసెయ్యకపోతే మంట మందగిస్తుంది. కాలకుండా మిగిలిన హైడ్రోజన్ కూడా దానితో పాటే పాత్ర అడుగుకి దిగుతుంది. అక్కడ సందులుంటాయి, సందుల వెనక గొట్టాలు, గొట్టాల చివర పంపులు. ఆ వాయువు ఎంత పల్చగా ఉంటుందంటే, అణువులు ఒకదాన్నొకటి ఢీకొనడం కంటే గోడల్ని కొట్టుకోవడమే ఎక్కువ. నీటికీ మామూలు గాలికీ వాడే సమీకరణాలు అక్కడ చెల్లవు. అందుకని కంప్యూటర్‌లో లక్షల ఉత్తుత్తి అణువుల్ని వదిలి, ఏది ఎటు పోయి ఏ గోడకి తగిలి ఎటు మళ్ళిందో లెక్కగట్టుకుంటూ పోవాలి. ఎన్ని బయటికి పోయాయి, లోపల ఎంత పీడనం మిగిలింది, అదే జవాబు.

ఇంట్లో దీని గురించి ఎవరూ ఎప్పుడూ అడగలేదు. మా అత్తగారు పక్కింటివాళ్ళకి మా పెద్దకోడలు గ్యాస్ మీద చదువుతోందని గొప్పగా చెబితే, వాళ్ళు సిలిండర్ బుక్ చేసినా రాలేదని నాకు ఫోన్ చేశారు. మా ఆయన మంచివాడే. నా థీసిస్ పేరు మాత్రం ఆయనకి ఇప్పటికీ నోరు తిరగదు. కాలేజీ ల్యాబులో కంప్యూటర్లు సెలవు రోజుల్లోనే నాకు ఖాళీగా దొరికేవి. రెండో శనివారం వచ్చిందంటే వంట చేసి పెట్టి, బస్సెక్కి వెళ్ళి, లెక్క మొదలుపెట్టి, తెరకి ‘దయచేసి ఆపవద్దు’ అని కాగితం అతికించి వచ్చేదాన్ని. సోమవారం వెళ్ళేసరికి కరెంటు ఆదా చేద్దామని ఎవరో మెయిన్ ఆపేసి ఉండేవారు. మళ్ళీ మొదటికి. ఇంట్లో పెళ్ళిళ్ళు, పురుళ్ళు, మావగారి కంటి ఆపరేషన్ అన్నీ అయ్యాయి. నా అణువులు మాత్రం గోడలకి కొట్టుకుంటూనే ఉన్నాయి.

అప్పుడు మా మరిదికి పెళ్ళయింది. పిల్లది నరసాపురం అవతల, సముద్రానికి దగ్గర్లో, కాలువ శివార్న ఉన్న ఊరు. కాలువ పైభాగంలో పుట్టిన మాబోటివాళ్ళకి శివారువాళ్ళంటే ఒక చిన్నచూపు ఉంటుంది. ఎవరూ పైకి అనరు. మాకు నీళ్ళు ముందొస్తాయి, నాట్లు ముందు పడతాయి. పైవాళ్ళు వాడుకోగా మిగిలింది శివారుకి. అయినా పిల్ల ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి డిగ్రీ కాలేజీలో చెబుతోందని విని, పోనీలే, ఇంట్లో మాట్లాడటానికి ఒక మనిషి దొరికింది అనుకున్నాను.

వచ్చిన కొత్తలో ఒకరోజు ఇద్దరం కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాం. ల్యాబులో మీరేం చేస్తారండీ అని అడిగింది. ఆ ఇంట్లో నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి తనే. నాకు కళ్ళు చెమర్చినంత పనయింది. తొక్కలు పళ్ళెంలో పేర్చి, ఇది పాత్ర, ఇవి సందులు, ఇది గొట్టం, ఈ గింజలు అణువులు అని మొత్తం చెప్పాను. తను విని, గోడకి తగిలిన అణువు అద్దం మీద పడ్డ వెలుతురులా తిరిగొస్తుందా, ఇంకోలాగా వస్తుందా అని అడిగింది. గోడ మనకి నున్నగా కనిపిస్తుంది గానీ అణువుకి అది గతుకుల రోడ్డే, అక్కడ కాస్త ఆగి ఎటు పడితే అటు లేస్తుంది, ఎటు లేస్తుందో పాచికలు వేసినట్టు వేసి తేల్చాలి అన్నాను. ఆ ప్రశ్న దాకా రావడానికి నాకు ఏడాది పట్టింది. తనకి చిక్కుడుకాయలు ఒలిచినంతసేపు పట్టింది. ఆ తేడా నేను అప్పుడే చూడాల్సింది. శిష్యురాలు దొరికిన సంబరంలో చూడలేదు.

నేనే కాకినాడ తీసుకెళ్ళి గైడుగారికి పరిచయం చేశాను. నేనే పీహెచ్‌డీ దరఖాస్తు నింపించాను. ఏకై వచ్చి మేకై కూర్చోవడం అంటారే, అది ఎలా ఉంటుందో తర్వాత తెలిసింది.

ఒక వేసవి సెలవుల్లో నా ప్రోగ్రాం ఒకసారి చూస్తానండి అని తీసుకుంది. లెక్కని ముక్కలు చేసి కంప్యూటర్‌లో ఉన్న ప్రాసెసర్లన్నిటికీ పంచింది. శనివారం మొదలుపెడితే సోమవారానికి గానీ తేలని లెక్క, పొద్దున్న పెడితే మధ్యాహ్నం భోజనాల వేళకి తేలిపోయింది. నాకు పనికొచ్చేదే. థాంక్స్ కూడా చెప్పాను. చెప్పి, స్నానాల గదిలోకి పోయి కుళాయి తిప్పి కాసేపు ఊరికే నిలబడ్డాను. కడుపులో ఏదో మండుతోంది. దానికి పేరు పెట్టడం ఇష్టం లేక, పొద్దున తిన్న పెసరట్టు మీదికి నెట్టాను.

ఆ తర్వాత గైడుగారి ఫోన్లు మారాయి. అంతకుముందు నాకు చేస్తే నాతోనే మాట్లాడేవారు. ఇప్పుడు బాగున్నావామ్మా అని అడిగి, ఒకసారి మీ చెల్లెలికివ్వమ్మా అనేవారు. నేను ఫోన్ తీసుకెళ్ళి ఇచ్చేదాన్ని. తను మాట్లాడుతుంటే గుమ్మం దగ్గర నిలబడి వినేదాన్ని. ఆయన ఏదో అనేవారు, తను చిన్నగా నవ్వేది, ఆ నవ్వు నాకు ఒంటి మీద వేడినీళ్ళు పోసినట్టుండేది. నేను ఆయన దగ్గర అన్నేళ్ళు పనిచేశాను, ఆయన నాతో నవ్వుతూ మాట్లాడిన గుర్తు లేదు. ఆ పిల్ల తెలివిగలదని ఒప్పుకోవడం నాకు పెద్ద కష్టం కాదు. ఆ తెలివి మా వంటింట్లోనే, నా ఎదుటే, నేను చెప్పిన పాఠం మీదే పెరిగిందే, అదే మింగుడుపడలేదు. ఏ బెంగుళూరులోనో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి అయ్యుంటే చక్కగా మెచ్చుకునేదాన్ని.

అలా ఉండగా ఉత్తరాదిన ఉన్న ఒక పరిశోధన సంస్థ నుంచి మా గైడుగారికి కబురొచ్చింది. వాళ్ళు రియాక్టర్ అడుగు భాగానికి నమూనా ఒకటి కట్టారు. అందులో పల్చటి వాయువు వదిలి, నాలుగైదు చోట్ల పీడనం కొలిచారు. ఆ కొలతలు బయటపెట్టరు. డ్రాయింగు మాత్రం పంపుతారు, మీ సిమ్యులేషన్ ఏం చెబుతుందో రాసి పంపండి, తర్వాత పోల్చి చూద్దాం అన్నారు. మా గైడుగారి తరఫున ఒక మనిషిని ఏడాదిపాటు తమ దగ్గర ఉంచుకుని పని చేయిస్తామని కూడా అన్నారు. ఒక్క మనిషినే. ఆయన మా ఇద్దరికీ డ్రాయింగు ఇచ్చి, విడివిడిగా చేయండి, ఒకళ్ళనొకళ్ళు అడగొద్దు, ఎవరి లెక్క దగ్గరగా వస్తే వాళ్ళు వెళ్తారు అన్నారు.

నాకు వెళ్ళాలని ఉంది. ఎంత ఉందో చెప్పలేను. అన్నేళ్ళుగా తెర మీద రంగుల్లో చూస్తున్న ఆ పాత్ర గోడని ఒక్కసారి చేత్తో ముట్టుకోవాలని ఉంది. పొద్దున్న లేవగానే కూరేం చెయ్యాలి అన్న ఆలోచన కాకుండా పంపు ఎలా ఉందో చూడాలి అన్న ఆలోచన రావాలని ఉంది. ఆ ఏడాది నాది కావాలి. తనది కాకూడదు.

ఆ రోజుల్లో ఇంట్లో మేమిద్దరం ఉప్పు, చింతపండు, పాలవాడు తప్ప ఇంకేమీ మాట్లాడుకోలేదు. తను వరండాలో లాప్‌టాప్ పెట్టుకుంటే నేను హాల్లో పెట్టుకునేదాన్ని. కాఫీ ఇవ్వడానికి వస్తే మూత దించేదాన్ని. మేం ఫ్రిజ్ గురించి దెబ్బలాడుకున్నామని మా అత్తగారు అనుకున్నారు. రెండోది కొందామా అని మా ఆయన్ని అడిగారు కూడా.

డ్రాయింగులో గొట్టం చాలా పొడుగు, మధ్యలో మలుపులు. మొత్తం లెక్కలోకి తీసుకుంటే నా పాత ప్రోగ్రాం మీద తెమలదు. తను రాసిన వేగం ప్రోగ్రాం నా దగ్గరే ఉంది. తన మీద గెలవడానికి తన ప్రోగ్రామే వాడటమా? నాకు నామోషీ అనిపించింది. అందుకని గొట్టాన్ని మూతి దగ్గర కోసేశాను. మూతి దాటిన అణువు పంపులోకి పోయినట్టే, దాన్ని లెక్కలోంచి తీసెయ్యి అని రాసుకున్నాను. అందులో నాకు తప్పేమీ కనిపించలేదు. మా ఊళ్ళో తూము దాటిన నీరు వెనక్కి రావడం పుట్టి బుద్ధెరిగి చూడలేదు. దాటిందంటే కింది చేలోకి పోతుంది, అక్కణ్ణుంచి మురుగులోకి, అక్కణ్ణుంచి మాకు సంబంధం లేదు.

ఫలితాలు చూడటానికి కాకినాడ రమ్మన్నారు. గైడుగారు కంప్యూటర్ మా వైపు తిప్పారు. సంస్థవాళ్ళ కొలతలు నల్లటి చుక్కలుగా ఉన్నాయి. ఒక గీత వాటి మధ్యలోంచి దారం గుచ్చినట్టు పోయింది. ఇంకో గీత చాలా కిందుగా, వేరే ఊరికి పోతున్నట్టు పోయింది. ఏది ఎవరిదో అడగక్కర్లేకపోయింది.

గొట్టంలోకి పోయిన అణువుల్లో చాలా భాగం మలుపుల దగ్గర గోడకి కొట్టుకుని వెనక్కి వచ్చేస్తాయని, నేను వాటిని పోయాయనుకుని లెక్కలోంచి తీసేశాను కాబట్టి లోపల పీడనం తక్కువ వచ్చిందని ఆయన నాకు నెమ్మదిగా చెప్పారు. నా క్లాసు పిల్లలకి నేను చెప్పే గొంతుతోనే చెప్పారు. తర్వాత తనవైపు తిరిగి, మొత్తం గొట్టం పెట్టాలని ఎందుకు తోచిందమ్మా అని అడిగారు.

"మా ఊళ్ళో మురుగుకాలవ సముద్రం పోటు వేళకి వెనక్కొచ్చేస్తుందండి. పోయిన నీళ్ళే మళ్ళీ చేలోకి వస్తాయి. పోయింది కదా అని మేం ఎప్పుడూ అనుకోలేమండి" అంది తను. మళ్ళీ తనే, "అక్క లెక్క తప్పేం కాదండి, గొట్టం కోశారంతే" అంది.

ఆ చివరి మాట అనకుండా ఉంటే నేను ఆ రోజు భరించేదాన్ని. పుండు మీద కారం చల్లినా మంట కొంతసేపే ఉంటుంది, జాలి అలా కాదు. తిరుగు ప్రయాణంలో బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. సామర్లకోట దాటేదాకా నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. నాకు కోపం వచ్చింది తన మీద, గైడుగారి మీద, తన ఊరి మీద. చిన్నప్పుడు మా పొలంలో నీళ్ళు ఎదురు తిరగనందుకు మా కాలువ మీద కూడా వచ్చింది. శివారు సంబంధమని లోలోపల నవ్వుకున్నదాన్ని, ఆ శివారు దగ్గరే ఓడిపోయాను.

తను వెళ్ళడం మాత్రం ఇంకా ఖాయం కాలేదు. మా ఇంట్లో ఏ పెద్ద విషయమైనా మా అత్తగారు అవునంటేనే అవుతుంది. మా మరిది అమ్మ ఏమంటే అదే అని తప్పుకున్నాడు. మర్నాడు ఆదివారం, టిఫిన్లయ్యాక అందరం హాల్లోనే ఉన్నాం. మావగారు పేపరు చదువుతున్నారు. తను ఆరిన బట్టలు మడతపెడుతోంది. అత్తగారు నన్ను పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"నువ్వు చెప్పమ్మాయ్. ఆ గ్యాసు సంగతి మాకేం తెలుసు. ఏడాదిపాటు అంత దూరం వెళ్ళాల్సిన పనేనా ఇది? ఇక్కడుండి చేసుకోడానికి కుదరదా?"

అందరూ నావైపే చూస్తున్నారు. ఇంట్లో ఆ విషయం తెలిసిన రెండోదాన్ని నేనే, నేను ఏమంటే అదే నిజం. సిమ్యులేషన్ ఎక్కడ కూర్చునైనా చేసుకోవచ్చండి అంటే చాలు. అది అబద్ధం కూడా కాదు. మేం అన్నేళ్ళూ ఇక్కడే చేశాం. తను ఆగిపోతే గైడుగారు ఆ చోటు ఖాళీగా వదలరు, రెండోమనిషిని పంపుతారు. ఆ రెండోమనిషి నేనే. తను నావైపు చూడలేదు. ఒకే తువ్వాలుని విప్పి మళ్ళీ మడతపెడుతోంది.

"వెళ్ళాలండి" అన్నాను. "యంత్రం అక్కడుంది. లెక్క తనకి కుదిరింది, నాకు కుదరలేదు. వెళ్ళాల్సింది తనే."

మంచితనం కొద్దీ అన్నానని ఎవరూ అనుకోవద్దు. ఆ నల్లటి చుక్కలు నా కళ్ళ ముందు అలాగే ఉన్నాయి. తనకి రాకుండా చేసిన కుర్చీలో నేను వెళ్ళి కూర్చుంటే, అక్కడ రోజూ నా గీత చుక్కలకి ఎంత కిందుగా పోయిందో చూసుకుంటూ ఏడాదంతా గడపాలి. అంత ధైర్యం నాకు లేదు.

అత్తగారు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు.

"సరే, వెళ్ళనీ అయితే. తను లేకపోయినా ఇల్లు నడుస్తుంది" అన్నారు. తర్వాత నా వీపు మీద చెయ్యి వేసి, "అదే నీకొచ్చుంటే మాత్రం పంపేవాళ్ళం కాదు సుమా. నువ్వు లేకపోతే ఇక్కడ ఒక్క పూట గడుస్తుందేంటి" అన్నారు.

మావగారు పేపరు దించి అవునవును అన్నారు. మా ఆయన కూడా నవ్వుతూ తలూపారు. ఆ ఇంట్లో అడుగుపెట్టాక నాకు దొరికిన అతిపెద్ద మెచ్చుకోలు అదే. అందరి మొహాల్లోనూ ప్రేమ ఉంది. నాకు మాత్రం అప్పుడు తెలిసింది. నా లెక్క దారం గుచ్చినట్టు చుక్కల్లోంచి పోయి ఉన్నా నేను వెళ్ళేదాన్ని కాదు. నేను ఓడిపోయానని ఏడ్చిన పోటీలో నాకసలు చోటే లేదు. అది నాకు తప్ప అందరికీ తెలుసు. దాన్ని గురించి ఎవరూ ఒక్క క్షణం ఆలోచించాల్సిన అవసరం కూడా పడలేదు.

అప్పటిదాకా నేను ఆ పిల్ల తెలివి చూసి కుళ్ళుకున్నాను. ఆ రోజు నుంచి, తను లేకపోయినా నడిచే ఇల్లు చూసి కుళ్ళుకుంటున్నాను. మొదటిదానికి ఎప్పటికైనా మందు దొరికేదేమో.

ప్రయాణం రోజు సాయంత్రం తన గదిలో పెట్టె సర్దుతుంటే నేను కందిపొడి సీసా ప్లాస్టిక్ కవరులో చుట్టి ఇచ్చాను. తను దాన్ని తీసుకుని పెట్టెలో పెట్టకుండా చేతుల్లోనే పట్టుకు కూర్చుంది.

"నేను లేకపోయినా నడుస్తుందన్నారు కదక్కా అత్తయ్యగారు" అంది.

అదృష్టవంతురాలివి, సంతోషించు అన్నాను. నా గొంతు కాస్త కటువుగానే వచ్చి ఉంటుంది.

"వచ్చినప్పటినుంచీ పొద్దున్నే మీకంటే ముందు లేచి పాలు కాచేదాన్ని. ఆవిడ నా గురించి కూడా ఒకసారి, నువ్వు లేకపోతే గడవదని అంటారేమోనని. మీ వీపు మీద చెయ్యేసి అంటుంటే నాకెంత కుళ్ళొచ్చిందో మీకు తెలీదక్కా" అంది. కళ్ళనిండా నీళ్ళున్నాయి. నటన కాదు.

ఆ మాటకి జాలిపడాలో, ఇన్నాళ్ళకి నన్ను చూసి ఒకరు కుళ్ళుకున్నందుకు సంబరపడాలో తెలియలేదు. కాస్త రెండూ పడ్డాను. బయట మరిది ఆటో పిలుస్తున్నాడు.

"అయితే మార్చుకుందామా?" అన్నాను, నవ్వుతూనే.

తను నవ్వలేదు. సీసా వైపు చూస్తూ కాసేపు నిజంగా ఆలోచించింది.

"వద్దక్కా" అంది.

ఆ ప్రశ్న తను నన్ను అడిగి ఉంటే, సరే అనడానికి నేను ఆ కాసేపు కూడా ఆలోచించేదాన్ని కాదు.